శౌరయ్య మైకు ఆగిన చోటు

శౌరయ్య గురించి రాయాలంటే ముందు నా సంగతి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. మా ఊరి బళ్లో ఏడో తరగతి దాకా ఏ ఏడూ ఫస్టు తప్పలేదు. ఆటోనగర్లో నలభై నాలుగేళ్లు బ్యాటరీల పని చేశాను. డెబ్బై ఏడు తుపానప్పుడు దివిసీమకు వెళ్లే వైర్‌లెస్ సెట్ల బ్యాటరీలు పదిహేను రోజులు ఈ చేతుల మీదుగానే ఛార్జింగయ్యాయి. మూడు పుష్కరాలకు పడవల బ్యాటరీలు నావే. అసోసియేషన్ వాళ్లు రెండుసార్లు శాలువా కప్పారు. ఈ బసవయ్య చేతికొచ్చిన బ్యాటరీ లేవకుండా పోదని పేరుండేది. ఇవన్నీ నిజాలే.

శౌరయ్యది కంకిపాడు దగ్గర కాలువ గట్టు. మైకు సెట్టు మనిషి. రిక్షా మీద పాత ఆంప్లిఫయరు, అందులోనే క్యాసెట్లు పెట్టే అర, పైన రెండు మైకు బూరలు, సీటు కింద బ్యాటరీ. చుట్టుపక్కల ఏ కులం వాళ్లింట్లో మనిషి పోయినా ఊరేగింపు ముందు ఆ రిక్షా నడవాల్సిందే. అతనికి ఒక పట్టింపు ఉండేది. గుంటలో మొదటి గుప్పెడు మట్టి పడేదాకా మైకు ఆగకూడదు. వానొచ్చినా గొడుగు ఆంప్లిఫయరుకే పట్టేవాడు. పాట మధ్యలో ఆగితే పోయినవాళ్లను దారిలో దింపేసినట్టని అనేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆగలేదు. నెలకోసారి బ్యాటరీ తెచ్చి నా దగ్గర పెట్టేవాడు కాబట్టి అందులో నా వంతూ ఉందని నేను పదిమందికి చెప్పుకునేవాణ్ణి.

అతని భార్య శౌరమ్మది మంచి గొంతు. గుణదల మేరీమాత పండక్కి కొండెక్కుతూ ఆమె పాట ఎత్తుకుంటే వెనకున్నవాళ్లు కూడా అందుకునేవాళ్లు. పెళ్లయిన కొత్తలో ఆమె పాడిన మరియమ్మ పాటొకటి శౌరయ్య క్యాసెట్‌లో పట్టాడు. ఆ ఒక్కటే. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆమె నా ముందే అతన్ని ఏడిపించేది.

"చూశారా అన్నయ్యగారూ, ఆ బ్యాటరీని తుడిచినట్టు నా మొహం ఒక్కనాడూ తుడవలేదు ఈయన. బతికుండగా నా మాట ఎటూ వినడు. నేను పోయాకైనా ఆ మైకులో నా పాటే పెట్టమనండి, సమాధుల తోట దాకా."

శౌరయ్య నవ్వేవాడు. తర్వాత ఆమెకు కిడ్నీలు పోయాయి. ఎనిమిది నెలలు ఆస్పత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోయింది. రిక్షా బయటికి తీయలేదు. చివరి వారంలో ఆమె మళ్లీ అదే మాట అడిగింది. ఈసారి నవ్వుతూ అడగలేదు. శౌరయ్య చేతిలో చెయ్యేశాడు.

ఒక సోమవారం పొద్దున్నే ఆమె పోయింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి మరియమ్మ గుడిలో పూజ, తర్వాత మట్టి చేయడం. ఆ సోమవారం మధ్యాహ్నానికే శౌరయ్య బ్యాటరీ ఆటోలో వేసుకుని పటమటలో మా ఇంటికి వచ్చాడు. మీటరు పెట్టి చూస్తే పన్నెండు ఉండాల్సిన చోట ఎనిమిది వోల్టులు కూడా లేవు.

అప్పటికే మోకాళ్లు పట్టేసి నేను షాపు తీసేశాను. పెద్ద ఛార్జర్లు అమ్మేశాను. ఇంట్లో ఉన్నదల్లా అరచేతిలో పట్టే చిన్న ఛార్జరు. మా మనవరాలు సింధూరి తన కారు కదలకుండా ఉన్నప్పుడు బ్యాటరీ పడిపోకుండా తగిలించడానికి కొన్నది. శౌరయ్యకు ఆ సంగతి తెలుసు.

"అన్నా, నీ దగ్గర పెద్దది లేదుగా. ఆటోనగర్లో ఇంకెవరికైనా ఇస్తా. ఏమీ అనుకోవద్దు."

"నా గుమ్మం దాకా వచ్చిన బ్యాటరీని ఇంకొకడి దగ్గరికి పంపుతానా? ఇక్కడ పెట్టి వెళ్లు శౌరయ్యా," అన్నాను.

అతను నా మొహంలోకి చూసి, సరేనని వెళ్లిపోయాడు. నమ్మాడు.

సింధూరి ఆ ఛార్జరుతో వచ్చిన కాగితం తెచ్చి చూపించింది. "తాతయ్యా, ఇది నిండిన బ్యాటరీని నిలబెట్టడానికేనట. పూర్తిగా పడిపోయినదాన్ని దీంతో లేపొద్దని రాశారు." నా పనికి కాగితం చదివి పాఠం చెబుతావా అన్నాను. తగిలిస్తే ఆ ఛార్జరు బ్యాటరీని గుర్తు కూడా పట్టలేదు. దానికో కిటుకు నాకు తెలుసు. పక్కన మంచి బ్యాటరీ ఒకటి కలిపితే మోసపోయి పని మొదలుపెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. పొద్దున లేచి చూస్తే పచ్చ లైటు.

గంటకు ఒక్క ఆంపియరిచ్చే ఆ బుల్లి పెట్టె, ఎనభై ఆంపియర్ల బ్యాటరీని ఒక పూటలో నింపలేదు. మూడు నాలుగు రోజులు కావాలి. నెలల తరబడి ఎండిన ప్లేట్లకు తెల్లటి పొక్కు కడుతుంది. అప్పుడు వోల్టేజి ఊరికే పైకి లేస్తుంది, ఛార్జరు నిండిందనుకుంటుంది. పచ్చ లైటుకు అంతకుమించి అర్థం లేదు. ఆరు మూతలూ తీసి, ఒక్కో గదిలో యాసిడ్ బలం చూపే హైడ్రోమీటరు ముంచి చూడకుండా బ్యాటరీ ఇవ్వకూడదని పనివాళ్లను తిట్టి నేర్పినవాణ్ణి నేను. హైడ్రోమీటరు అటక మీద పెట్టెలో ఉంది. దించకుండానే బ్యాటరీ ఇచ్చేశాను. చూస్తే ఏం కనబడుతుందో నాకు తెలుసు.

గుడి దగ్గర పాట మొదలైంది. ముప్పై ఏళ్ల కిందటి శౌరమ్మ గొంతు కాలువ మీదుగా వెళ్లింది. ఆడవాళ్లు ఏడ్చారు. శౌరయ్య ఏడవకుండా రిక్షా తోస్తున్నాడు. కాలువ లాకులు దాటేసరికి పాట నెమ్మదించింది. క్యాసెట్టు బరువుగా తిరిగి ఆమె గొంతు లావైంది, మగగొంతైంది, సాగి సాగి మూలుగులా దిగిపోయింది. వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. శౌరయ్యే స్విచ్చి కట్టేశాడు. వెనక్కి తిరిగి అందరివైపూ చూసి చెప్పాడు.

"మా శౌరమ్మ గొంతు ఇది కాదండీ."

అక్కణ్ణించి సమాధుల తోటకు పావుగంట నడక. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. గుప్పెడు మట్టి వేసేటప్పుడు అతను ఒకసారి రిక్షా వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

ఆ బ్యాటరీని నేనే తెచ్చి, ముందు రోజు పంపనన్న ఆటోనగర్‌కే మోసుకెళ్లి ఇచ్చాను. ఐదు రోజులకు లేచింది. పట్టుకెళ్లి శౌరయ్య ముందు పెట్టాను. తప్పు నాదని చెప్పాను. జీవితంలో ఆ మాట అన్నది అదొక్కసారే. అతను కోప్పడలేదు, మంచినీళ్లిచ్చాడు.

"పాట పెట్టి చూశానన్నా, కరెంటు మీద. బాగానే పాడుతోంది. నాకు మాత్రం ఆ లాకుల దగ్గర గొంతే వినపడుతోంది. తీసుకుపో."

తర్వాత అతను ఏ చావుకూ మైకు కట్టలేదు. రిక్షా కొట్టంలో ఉంది. ఊరేగింపు వస్తే లోపలికి వెళ్లి తలుపేసుకుంటాడు.

బ్యాటరీ మా ఇంట్లో ఉంది. ఆ చిన్న ఛార్జరు ఇప్పుడు దాని పని అది చేస్తోంది, నిండినదాన్ని నిండుగా ఉంచుతోంది. పచ్చ లైటును నేను నమ్మను. ప్రతి ఆదివారం ఆరు మూతలూ తీసి, ఆరు గదుల్లోనూ హైడ్రోమీటరు ముంచి చూస్తాను. ఆరూ బాగుంటాయి. శౌరయ్య ఏ గంటలో అడిగినా ఇవ్వగలను. అతను అడగడు.