అత్త అరచేతిలో నీళ్ళు

అక్కలారా, నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి, మన్నించండి. అయిదో తరగతితో బడి మానేశాను. మా అత్త జ్వరంతో చనిపోయిందని సోమవారం టెలిఫోన్ బూత్ ఆయన వచ్చి చెప్పాడు. పంపు దగ్గర మీరు ఏమైందని అడిగితే బిందె ఎత్తుకుని వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

ఆమె మీకు గుర్తుండే ఉంటుంది. ఎండాకాలంలో ఇక్కడికి వచ్చినప్పుడు లారీ నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూసేది. "ఏం పెద్దమ్మా, నీళ్ళకు జాతకం చూస్తా ఉండావా?" అని మీరే నవ్వారు.

మా అత్తవారి ఊరి పైన వంకకు అడ్డంగా చిన్న మట్టికట్ట ఉంది. వరద ఒక్కసారిగా ఇళ్ళ మీద పడకుండా కట్టినది. అది నిండినప్పుడల్లా అత్త గోనెసంచి నెత్తిన కప్పుకుని కట్ట అడుగుకు పోయేది. మేము ఇక్కడికి రాకముందు, పెళ్ళయిన ఏడు నన్నూ తీసుకుపోయింది. రాళ్ళ మధ్య నీళ్ళు ఊరుతున్నాయి. అన్ని నీళ్ళు నా తలకంటే ఎత్తున నిలిచి ఉన్నాయని తలచుకుని వెనక్కి జరిగాను. ఆమె అరచేతిలో పట్టి చూపింది.

"తేటగా ఉండాయి గదా, కారనీ. మన్ను కలిసి వస్తేనే కట్ట లోపల కరగతా ఉందని."

మరుసటి ఏడు ఆ అరచేతిలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పోయి మొగోళ్ళను పిలువు. నేను ఈడే ఉంటా."

పెద్దల ముందు ఏనాడూ గొంతెత్తని దాన్ని, పాలకేంద్రం దగ్గర నిలబడి అరిచాను.

"ఏందిమే, మీ అత్త మళ్ళా కలగనిందా?" అని ఒకాయన నవ్వాడు.

"ఎర్రనీళ్ళు" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

అందరూ ఇసుక, కంకర ఎత్తుకుని పరిగెత్తారు. ఒకాయన బంకమట్టితో నీళ్ళు ఊరే చోటు పూడ్చబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈడ మూస్తే ఇంకో తావున పగలతాది. ఇసుక పోసి పైన కంకర పెట్టండి. నీళ్ళు పోనీ, మన్ను నిలవాల."

సాయంత్రానికి నీళ్ళు తేటబడ్డాయి. ఇంటికి వస్తూ నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

"నాకూ ప్రతి వానకీ భయమేమే. ఎవురితోనూ చెప్పబాక."

నెలలు నిండాయని నన్ను కర్మలకు తీసుకుపోలేదు. మా ఇంటాయన అక్కడే ఉన్నారు. "కట్ట నిండింది, అమ్మ లేదు గదా, నేనే పోయి చూస్తా ఉండా" అన్నారు నిన్న ఫోనులో. నీళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగేలోపు లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

ఇక్కడ పట్నంలో, మన తొండియార్‌పేటలోనూ వాన ఆగలేదు. పైకప్పు కారుతున్న చోట అరచేయి పట్టి, వాకిట్లోకి తెచ్చి, వెలుతురులో చూసుకుంటున్నాను. తేటగానే ఉన్నాయి. అక్కడివి ఎట్లా ఉన్నాయో.

ఎవరితోనూ చెప్పొద్దన్న మాట మీతో చెప్పేశాను. ఒక్కదాన్నే భయపడలేక. చదివాక ఈ కాగితాన్ని పొయ్యిలో వేయండి.