తడివేలితో రాసిన మాటలు

పోయిన మంగళవారం మా ఇంగ్లీషు సార్ కన్నుమూశారు. కొత్తచెరువు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను గురువారం ఇంటర్వ్యూ కోసం చీర ఇస్త్రీ చేస్తున్నాను. ఇస్త్రీపెట్టె ఆపేసి వాళ్లింటికి బయల్దేరాను.

హైస్కూల్లో రిటైరయ్యాక సార్ ఇంటి అరుగు మీద ట్యూషన్ చెప్పేవారు. ఏ మాటనూ ఒంటరిగా నేర్పేవారు కాదు. గోల్ అయితే సెట్ చేసుకోవాలి, రీచ్ కావాలి. టార్గెట్ అయితే మీట్ చేస్తాం, లేదా మిస్ అవుతాం. "ఒంటెద్దుతో విత్తనం గొర్రు తోల్తామా?" అనేవారు. చెంబు నీళ్లలో వేలు ముంచి అరుగు బండ మీద ఆ మాటల జతను రాసేవారు. మా ఎండకు అది ఆరేలోపు మా సొంత బతుకు నుంచి ఒక వాక్యం చెప్పాలి.

కాన్వెంటు చదువు నాది. అన్నీ వచ్చు, నోరే రాదు. నా వంతులో ఎప్పుడూ బండ ముందే ఆరిపోయేది. పోయినేడు టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే, "మీ గోల్ ఏమిటి?" అని అడిగారు. తల వంచుకుని వచ్చేశాను.

సార్ తిట్టలేదు. పెరట్లో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టారు.

"వీళ్లకు ఈ మాటల జతలు నేర్పించుమ్మా."

"ఇంగిలీసు మాటలకు గూడ పెండ్లి చేస్తాండావా పాపా?" అంది వాళ్లలో పెద్దామె. నవ్వాను. నవ్వుతో పాటే నోరు తెరుచుకుంది. పొద్దు వాలేసరికి ఆమె నిండిన చేట చూపించింది. "నా టార్గెట్టు మీటయిపాయ. నీదెప్పుడు?"

"వచ్చే ఇంటర్వ్యూకి."

సార్ విన్నారు. "నలుగుర్లో అంటివి. ఇంక ఎనక్కి తిరిగేది లేదు."

బుధవారం ఆయన్ని సాగనంపాం. మరునాడు ఇంటర్వ్యూకి వెళ్లనన్నాను. సార్ భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఆయప్ప, మీ సారు, ఉంటే నిన్ను ఈడ కూర్చోనిస్తాండెనా? పోమ్మా."

తాడిపత్రి బడిలోనూ అదే ప్రశ్న. ఈసారి చెప్పాను: ఏ గోల్ సెట్ చేసుకున్నానో, మొదటిసారి టార్గెట్ ఎందుకు మిస్ అయ్యానో, ఇప్పుడు ఎందుకు వచ్చానో. ఫలితం ఇంకా తెలియదు. రాకపోతే మరో బడికి వెళ్తాను.

బయటికి రాగానే సార్ భార్యకు ఫోన్ చేశాను. రోడ్డు మీద బండల లారీలు వరసగా పోతున్నాయి.

"గట్టిగా చెప్పమ్మా, ఇనపల్యా!"

మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఆ హోరు కంటే గట్టిగా. రోడ్డవతల టీ తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు. నేను ఆపలేదు.