ఎదురుకోళ్లలో స్పెయిన్ పాట

దిల్‌సుఖ్‌నగర్‌లో పాత సామాన్ల కొట్టు ముందు నుంచి పోతుంటే, చింతపండుతో తోమిన ఇత్తడి వాసనకు నా కాళ్లు ఆగిపోతాయి. మా ఇంట్లో ఆ వాసన గిన్నెలది కాదు, నాన్న ట్రంపెట్‌ది.

అల్మాస్‌గూడలో మాది పెళ్లిళ్ల బ్యాండు. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. "నువ్వు ఇడ్సిపెట్టలేదే, బడే నిన్ను ఇడ్సిపెట్టింది" అనేది అమ్మ. కొత్త పాట నాన్న చెవికి ఎక్కేదాకా టేపు వెనక్కీ ముందుకీ తిప్పడమే నా ఉద్యోగం. పక్కింట్లో కిరాయికి ఉండే గుంటూరు మాస్టారు ఒకరోజు నాన్నకు ఒక క్యాసెట్టు ఇచ్చారు. "యాదగిరి గారూ, ఇవి స్పెయిన్ పాటలండీ, జాజ్ వాళ్లు వాయించారు. వెనకాల పెద్ద ఆర్కెస్ట్రా, ముందర మీలాగే ఒక్క ట్రంపెట్టు."

ఆ ఎండాకాలమంతా, మామిడి ఒరుగులు ఆరేసిన డాబా మీద, నాన్న అందులో ఒక్క పాటే నేర్చుకున్నాడు: దూరం నుంచి డ్రమ్ములు నడిచొస్తున్నట్టు మొదలై, ట్రంపెట్టు ఒంటరిగా గొంతు చించుకున్నాక, డ్రమ్ములు మళ్లీ దూరమయ్యే పాట. దాన్ని నలుగురిలో ఒక్కసారైనా చివరిదాకా వాయించాలని ఆయన పట్టు.

"చిందులేసి ఎగిరేటట్టు లేదన్నా, ఎవ్వలింటరు?" అన్నాడు డ్రమ్ము కొట్టే చిన్నాయన.

"ఎగురుడొక్కటేనారా పని?" అన్నాడు నాన్న.

హయత్‌నగర్‌లో ఒక పెళ్లి. పొద్దున ఎదురుకోళ్లలో, ఆడపెళ్లివాళ్లు షర్బత్ గ్లాసులతో మగపెళ్లివాళ్లకు ఎదురు వెళ్తుండగా మొదలుపెట్టాడు. సగమన్నా కాలేదు, అటువైపు ముసలివాళ్లు తల రుమాళ్లు తీసి, పక్కకు జరిగి దండం పెట్టారు. మా దిక్కు చావుకూ బ్యాండు పెడతారు మరి.

"ఏంది యాదగిరీ, పెండ్లికొచ్చినవా, పీనుగు కాడికొచ్చినవా?" అంటూ పెళ్లికూతురి మేనమామ ట్రంపెట్టుకు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను నవ్వబోయి, నాన్న ముఖం చూసి మింగేశాను. ఆ ఏడు మమ్మల్ని ఎవరూ ఇంకో పెళ్లికి పిలవలేదు.

వానాకాలంలో, అందరికన్నా ముందు రుమాలు తీసిన పెళ్లికొడుకు తాత, ఎల్బీనగర్ నుంచి ఆటోలో మా ఇంటికొచ్చాడు. "నేను పోయిన్నాడు గా పాట కొట్టాలె. సగంల ఆపొద్దు." నాన్న చాయ్ పెట్టించాడు. తాత మాట మీద నిలబడే మనిషే గానీ తొందరపడే రకం కాదు, ఇంకో నాలుగేళ్లు బతికాడు. పోయిన రోజు, ఇంటి నుంచి శ్మశానం దాకా నాన్న ఆ పాట పూర్తిగా వాయించాడు. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఇప్పుడు పెళ్లికైనా చావుకైనా డీజే బండే. బ్యాండు లేదు, క్యాసెట్టు లేదు, నాన్నకు ముందుపళ్లు లేవు. మొన్న ఫోన్‌లో ఆ ఆల్బం దొరికితే, దాని గురించి రాసింది మా అమ్మాయితో చదివించుకున్నాను. ఆ పాట స్పెయిన్‌లో ఏసు మరణాన్ని తలుచుకుంటూ విగ్రహాన్ని ఊరేగించేటప్పటిదట. నాన్నకు చెప్పాను.

"అయితె గా ముసలోళ్లకు మొదటి దినమే సమజైంది," అన్నాడు. "తెల్వంది మనకే."