సంతకమయ్యాక మారని రిపోర్టు

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో బేగంపేటలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. ఆస్పత్రుల ల్యాబ్ రిపోర్టుల కోసం మేమే ఒక బుల్లి ప్రోగ్రామింగ్ భాష తయారుచేసుకున్నాం. అందులో డాక్టర్ సంతకం పెట్టగానే రిపోర్టు ఫ్రీజ్ అయిపోతుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా మారదు. అంతవరకూ బాగానే ఉంది. ఎవరైనా మార్చబోతే ఏం జరగాలన్న దగ్గరే మా టీమ్ లీడ్‌కీ నాకూ చెడింది.

అప్పటిదాకా మా భాష ఏమీ అనేది కాదు. ఆ మార్పును మింగేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు వెళ్లిపోయేది. సరేనని తలూపి పని చెయ్యని మనుషులంటేనే నాకు ఒళ్లు మంట. అలాంటిదాన్ని నా చేతులతో నేనే రాయడమా! మార్చబోయిన చోటే ప్రోగ్రాం ఆగాలి, ఎందుకు ఆగిందో చెప్పాలి అన్నాను.

"ఏందమ్మా, గిట్ల మొండికేస్తే ఎట్ల? డాక్టర్ల ముందట ఎర్రగ ఎర్రర్ వస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడాయన.

"అబద్ధం కంటే ఎర్రరే నయం సార్."

క్యాంటీన్లో, లిఫ్టులో, చివరికి సికింద్రాబాద్ బస్సెక్కేదాకా ఆయన వెంటపడి అదే పాట పాడాను. విసిగిపోయాడు. "సరే, పెట్టు. ఆస్పత్రికి పోయి నువ్వే చూపెట్టు. వాళ్లు వద్దంటే నీ నౌకరీకి నాది జిమ్మేదారి లేదు."

మా భాషను అప్పటికే వాడుతున్న ఆస్పత్రి అది. ఆయనా వచ్చాడు, నేను ఓడిపోతుంటే చూద్దామనేమో. ల్యాబ్ డాక్టరమ్మ కొత్త వెర్షన్ ముందు కూర్చుంది. ముందురోజు సంతకం పెట్టిన రిపోర్టులో బ్లడ్ గ్రూపు తప్పు పడిందట. దాన్ని దిద్ది, సేవ్ నొక్కింది. అంతే, ఎర్రటి అక్షరాలు: "ఈ రిపోర్టు మీద సంతకమైంది. మార్పు జరగలేదు. దిద్దాలంటే కొత్త రిపోర్టు తియ్యండి."

లీడ్ నావైపు కొరకొరా చూశాడు. నాకు భయమేసింది. అయినా తల దించలేదు.

డాక్టరమ్మ ఆ మాటలు మళ్లీ చదివింది. "ఇదివరకు ఇలా వచ్చేది కాదే?"

"ఇదివరకూ మారేది కాదు మేడమ్. మారలేదని చెప్పేది కాదు, అంతే."

ఆవిడ చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. "అంటే ఇన్నాళ్లూ నేను దిద్దాననుకున్నవన్నీ..."

లీడ్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"పాత రిపోర్టులన్నీ బయటికి తియ్యమ్మా," అన్నాడు. "ఒక్కటి సుత వదలొద్దు."