దారిచ్చే చోట పదకొండు పిన్‌లు

కాదప్పా, నేను టీమ్‌ని ముంచినాను ముంచినాను అంటా ఉండారు గదా, ఆ ముంచిన సంగతి సగమే తెలుసుకుని మాట్లాడొద్దండి. కేఫెటేరియాలో నేను ప్లేట్ పెట్టగానే ఇద్దరు లేచి వేరే టేబుల్‌కి పోతారు. పోనీ. మొత్తం విని పోండి, అంతే.

ఇక్కడ సిటీలోనే, బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు నాలుగో అంతస్తులో. పని ఏమంటే, స్కాట్లాండ్‌లో పార్శిళ్లు ఇచ్చే ఒక కంపెనీకి మ్యాప్‌లు సరిచేసేది. వ్యాన్ ఎక్కడ ఆగాలో అక్కడ మేం ఒక పిన్ పెడతాం. డ్రైవర్ ఆ పిన్ దగ్గర ఆగి పార్శిల్ స్కాన్ చేయాలి. దూరంగా ఆగి స్కాన్ చేస్తే డ్రైవర్ రికార్డులో ఎర్ర మార్క్. నెలలో మూడు ఎర్ర మార్కులు పడితే పని పోయినట్టే. మేం ఆరుగురం. ఒక్కొక్కరికీ కొన్ని ఊళ్లు. నాకొచ్చింది ఒక లోయ.

లోయ మొదట్లో ఊరు. ఊరంటే ఏముండాది, నేనుండే మడివాళలో మా వీధికి ఒక పక్క ఉండే ఇళ్లన్ని కూడా లేవు. బూడిద రంగు రాయితో కట్టిన చర్చి, దాని చుట్టూ సమాధులు. ఒక్క అంగడి, అందులోనే ఒక మూల పోస్టాఫీసు. ఎర్ర టెలిఫోన్ బూత్ ఉండాది, లోపల ఫోన్ లేదు, గుండె ఆగితే షాక్ ఇచ్చే మెషిన్ పెట్టినారు. రాతి వంతెన దాటితే ఒకే ఒక రోడ్డు, ఏటి పక్కన పద్నాలుగు కిలోమీటర్లు పోయి ఒక పొలం దగ్గర ఆగిపోతుంది. అంతకు మించి దారి లేదు, కొండే. ఇళ్లకి నంబర్లు లేవు, పేర్లే. లోయ మొత్తానికి ఒకే పిన్‌కోడ్. ఇళ్లన్నీ రోడ్డుకి దూరంగా పైన ఉంటాయి, కింద ఒక గేటు, గేటు నుంచి బురద దారి.

మ్యాప్‌లో ఉండే ఆ రోడ్డు ఫోటోలన్నీ ఎప్పుడో ఎండాకాలంలో ఒక్కరోజే తీసినవి. ఒక ఇంటి వెనకాల ఎవరో దుప్పటి ఆరేస్తా ఉండారు, అది గాల్లోనే ఉండాది, ఎన్నిసార్లు చూసినా తీగ మీద పడదు. ఒక మలుపులో నల్లకుక్క కెమెరా కారు వెంట పరిగెత్తుతుంది, మూడు ఫోటోల దాకా వదలదు. వీపు మీద నీలం రంగు పూసిన గొర్రెలు రోడ్డు మధ్యలో పడుకుని ఉంటాయి. మడివాళ సిగ్నల్‌లో బస్సు ఇరుక్కుంటే నేను ఫోన్ తీసి ఆ లోయలో తిరిగేదాన్ని. నాకు సొంతూరు అని చెప్పుకునేదానికి ఏమీ లేదు. పండక్కి అందరూ ఊరికి పోతారు, మేం మడివాళలోనే ఉంటాం. అందుకే ఆ లోయ మీద నాకు ఒక రకంగా హక్కు ఉన్నట్టు అనిపించేది. తప్పే, తెలుసు.

ఆ దారికి డ్రైవర్ ఒక ఆడమనిషి. యాభై దాటుంటాయి. పుట్టింది ఆ ఊళ్లోనే. పిన్ సంగతి ఏమన్నా ఉంటే డ్రైవర్లు మాకే ఫోన్ చేసే హెల్ప్‌లైన్ ఉండాది, మొదటిరోజు అందులో ఆమె మాట ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. "మేడమ్, కొంచెం నిదానంగా చెప్పండి" అన్నాను.

"ఇంకా నిదానంగా మాట్లాడితే ఇక్కడ గొర్రెలు నిద్రపోతాయి" అనింది.

నన్ను ఏదో వాళ్ల వైపు మాటతో పిలిచేది. నా చెవికి "పిల్లా" అన్నట్టే ఉండేది. ఒకరోజు మంచు పడిందని చెప్తే ఫోటో పంపమని నా సొంత నంబర్ ఇచ్చినాను. ఆఫీసు రూల్ ప్రకారం అది ఇవ్వకూడదు. ఇచ్చినా.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఆ రోడ్డులో ఒక్క బండే పడుతుంది. కొంచెం కొంచెం దూరానికి పక్కకి ఉబ్బినట్టు వెడల్పు చోట్లు ఉంటాయి, పక్కన తెల్ల బోర్డు. నేను పై నుంచి చూసి, భలే ఉండాది, బండి ఆపేదానికే కట్టినారు అనుకుని పదకొండు ఇళ్లకి పిన్‌లు అక్కడే పెట్టేసినా. అనుకోనా మరి? మా వీధిలో రోడ్డు రెండడుగులు వెడల్పయితే ముందు ఒక స్కూటర్ వస్తుంది, దాని పక్కన ఇడ్లీ బండి, ఆ తర్వాత ఎవరిదో పాత కారు, దాని మీద కవర్. వెడల్పు ఉంటే బండి పెట్టుకునేదానికే అని పుట్టినప్పటి నుంచి చూస్తా ఉండాను.

మొదటివారమే ఆమె ఫోన్ చేసింది.

"పిల్లా, నువ్వు పిన్‌లు పాసింగ్ ప్లేసుల్లో పెట్టినావు."

"తెలుసు మేడమ్. వెడల్పుగా ఉండేది అక్కడే."

"ఆ వెడల్పు నిలబెట్టేదానికి కాదు. ఎదురుగా బండి వస్తే ఒకరు పక్కకి పోయి దారిచ్చేదానికి. అక్కడ ఆపితే లోయంతా నన్ను తిడుతుంది."

"రెండు నిమిషాలే గదా మేడమ్."

"గేటు నుంచి ఇల్లు అర కిలోమీటర్ పైన ఉంది. నేను నడిచి పోయి నడిచి రావాలి. నువ్వు రెండు నిమిషాల్లో వస్తావా?"

ఎదురు బండి వస్తే ఆ వెడల్పు చోటికి ఎవరు దగ్గరుంటే వాళ్లు పక్కకి పోతారంట, లేదా రివర్స్ పోతారంట. దాటిపోయేవాళ్లు థ్యాంక్స్ అన్నట్టు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతారు. ఎత్తకపోతే సాయంత్రానికి అంగట్లో తెలిసిపోతుంది. ఇదంతా ఆమే చెప్పింది. నేను విని, సరే చూస్తాను మేడమ్ అని చూడలేదు. పదకొండు పిన్‌లు మార్చాలంటే పదకొండు కారణాలు రాయాలి. ఎవరు రాస్తారు.

రెండోసారి మెసేజ్ పెట్టింది. మూడోసారి ఫోటో. రోడ్డు అంచు మెత్తబడి టైర్ గుర్తులు లోతుగా దిగిపోయి ఉండాయి. కింద రాసింది: "ఇది దూడలు పుట్టే నెల. ట్రైలర్లు, కలప లారీలు తిరుగుతా ఉంటాయి. దయచేసి ఆ పిన్‌లు పైకి, గేటు లోపలికి జరుపు. నాకు ఇప్పటికే రెండు ఎర్ర మార్కులు ఉన్నాయి, నేను వేరే చోట ఆగలేను."

ఆ పొద్దు మా లీడ్ నన్ను అందరి ముందర ఏదో అన్నాడు, నేను పెట్టిన పిన్‌ల లెక్క తక్కువుందని. నా తల వేడిగా ఉండాది. ఆమెకి ఏమని మెసేజ్ కొట్టినానో తెలుసా? "మ్యాప్ చేసేది నేనా, మీరా? పిన్ ప్రకారమే ఆగండి." కొట్టి, పక్క సీటు ఫ్రెండ్‌కి చూపించి నవ్వినా కూడా.

ఆ మెసేజ్ కొట్టిన తొమ్మిదో రోజు జరిగింది. ఆమె పిన్ ప్రకారమే ఆగింది. పార్శిల్ పట్టుకుని పైకి నడిచి పోయింది. కింద నుంచి కలప లారీ వచ్చింది, పై నుంచి ఒక ట్రాక్టర్. తప్పుకునే చోట ఆమె వ్యాన్. లారీ అంచుకి జరిగింది, అంచు దిగిపోయింది, లారీ ఒక పక్కకి ఒరిగి రోడ్డు మూసుకుపోయింది. ఆ వెనకాల కారులో పశువుల డాక్టర్. లోయ చివరి పొలంలో ఒక ఆవుకి దూడ అడ్డం తిరిగి ఉండాదని ఆయన్ని పిలిచినారు. ఆయన కారు వదిలి సంచి భుజాన వేసుకుని నడిచినాడు. ఆయన పోయేసరికి ఆవు బతికే ఉండాది. దూడ లేదు.

పొలం ఆయన కంపెనీకి ఫిర్యాదు పెట్టినాడు. కంపెనీ ఆమెని ఇంట్లో కూర్చోమంది. దారిచ్చే చోట బండి ఆపకూడదని ఆ దేశంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఈమె ఎందుకు ఆపింది అని. ఆమె ఒక్కటే చెప్పింది: పిన్ అక్కడుంది, ఆగినాను. అయితే మ్యాప్ షీట్ పంపండి, చూస్తాం అని మాకు మెయిల్ వచ్చింది. వాళ్ల ఆఫీసు తెరిచేది తొమ్మిదికి, మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. అప్పటికి షీట్ పోవాలి.

పన్నెండున్నరకి లీడ్ నా సీటు దగ్గరికి వచ్చి స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. విజయవాడ మనిషి. ఎప్పుడూ నా మాటని ఎగతాళి చేసేవాడు. ఆ పొద్దు గొంతు తగ్గించినాడు.

"ఆ పదకొండు పిన్‌లూ గేట్ల లోపలికి జరిపెయ్. షీట్‌లో ఇప్పుడున్న పిన్ మాత్రమే వెళ్తుంది, పాతది కనపడదు."

"మరి ఆమె?"

"ఆవిడ పిన్ చూసుకోలేదనుకుంటారు."

"చూసుకునే ఆగింది సార్."

"నీ భాషలో చెప్పనా? పిన్ అక్కడ ఉండాది అని ఎవరికీ తెలియకూడదు." నవ్వబోయినాడు, నవ్వు రాలేదు. "చూడమ్మా, నాకు పాప పుట్టి నెల కాలేదు. ఇది మన తప్పని తేలితే ఆరుగురి ప్రాజెక్ట్ పోతుంది. ఆవిడెవరో నీకు తెలియను కూడా తెలియదు."

తెలుసు అని అనలేదు నేను. నంబర్ ఇచ్చిన సంగతి బయటపడుతుంది గదా.

జరపడం మొదలుపెట్టినా. ఇది చెప్పకుండా దాచచ్చు, కానీ చెప్తాండా. ఒకటి జరిపినా. రెండు. మూడు. నాలుగు. మౌస్‌తో పట్టుకుని పైకి లాగితే పోతుంది, ఏ శబ్దమూ రాదు. ఐదోది కుక్క పరిగెత్తే మలుపు. అక్కడ చెయ్యి ఆగింది. అప్పుడే టేబుల్ కింద ఫోన్ వణికింది, మెసేజ్. ఆమె.

"షీట్ అడిగినారని విన్నాను. నీ మెసేజ్‌లు ఎవరికీ చూపించలేదు పిల్లా. నంబర్ ఇచ్చినావని తెలిస్తే నీకు కష్టం. షీట్‌లో పిన్ కనపడుతుంది కదా, అది చాలు."

ఆమె నా షీట్‌ని నమ్ముకుని కూర్చుని ఉండాది. ఆ షీట్‌లో నాలుగు పిన్‌లు నేను అప్పటికే లాగేసి ఉండాను.

ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి పోయి మా నాయనకి చేసినా. ఆయన టెంపో నడుపుతాడు, దొడ్డబళ్ళాపురం మగ్గాల నుంచి చీరల కట్టలు సిటీ అంగళ్లకి తెస్తాడు.

"ఏమ్మా, ఈ పొద్దులో చేస్తివి?"

మొత్తం చెప్పినా. అడ్డం రాకుండా విన్నాడు. ఎవరో వెనకాల కట్టలు దించుతా కన్నడలో అరుస్తా ఉండారు.

"రోడ్డు వెడల్పుంటే బండి పెట్టేదానికే గదమ్మా" అన్నాడు.

"అక్కడ కాదంట నాయనా."

"ఓహో. ఆ యమ్మ నీకు ముందే చెప్పిందా?"

"చెప్పింది."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

ఏదో ఒకటి తిడతాడని చూసినా. తిట్టలేదు. "సరే, లోడు దించాల" అని పెట్టేసినాడు. అంతే. ఆయన కూడా పొద్దంతా ఎవరో చెప్పిన గేటు దగ్గర ఆగి, ఇక్కడ ఎందుకు పెడితివి అని ఇంకెవరితోనో తిట్లు తినే మనిషే. అది నాకు చెప్పాల్సిన పని ఆయనకి లేదు.

సీటుకి వచ్చేసరికి ఒంటిగంటా పదిహేను. నాలుగు పిన్‌లూ మళ్లా పాత చోటికే లాగినా. తొందరలో ఒకటి ఏట్లో పడింది, మళ్లా సరిచేసినా. ఆమె పెట్టిన మెసేజ్‌లు, ఫోటో, "మ్యాప్ చేసేది నేనా, మీరా" అన్న నా జవాబు, అన్నీ స్క్రీన్‌షాట్ తీసినా. షీట్‌కి జోడించి, ఈ పిన్‌లు పెట్టింది నేను, ఆమె చెప్పినా మార్చలేదు, నా సొంత నంబర్ నేనే ఇచ్చినా అని రాసి పంపేసినా. లీడ్‌కి కూడా కాపీ పెట్టినా. అప్పటికి టైమ్ ఒకటీ ఇరవై ఆరు.

లీడ్ లేచి వచ్చినాడు. పరిగెత్తలేదు, నడిచే వచ్చినాడు.

"ఏం పంపావ్?"

"ఉన్నది పంపినా సార్."

"వెనక్కి తీసుకో."

"పోయింది."

నా స్క్రీన్ వైపు చూసి, నన్ను చూడకుండా, "నా పాప ఫోటో చూసి లైక్ కొట్టావు కదా మొన్న" అన్నాడు.

పన్నెండు రోజుల తర్వాత ఆమెని మళ్లా పనిలోకి పిలిచినారు. మా దగ్గర ప్రాజెక్ట్ పోలేదు గానీ సగమైంది. ఇద్దరిని వేరే దాంట్లోకి, రాత్రి షిఫ్ట్‌కి మార్చినారు. అందులో ఒకరు నాతో కలిసి ఆ మెసేజ్ చూసి నవ్విన ఫ్రెండే. లీడ్‌ని లీడ్‌గా తీసేసినారు. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చినారు, ఆ లోయ నా స్క్రీన్ మీద ఇప్పుడు తెరుచుకోదు. ఫోన్‌లో మాత్రం అందరికీ కనపడేది నాకూ కనపడుతుంది. దుప్పటి ఇంకా గాల్లోనే ఉండాది.

మొన్న ఆమె ఒక ఫోటో పంపింది. తెల్ల బోర్డు, పక్కన ఉబ్బిన రోడ్డు, ఖాళీగా. కింద ఏమీ రాయలేదు. దూడ సంగతి అడగాలని ఉండాది, అడగలేదు.

ఆరుగురి బతుకు ముందర ఒక్క డ్రైవర్ ఎంత అంటారు మీరు. రాత్రి షిఫ్ట్ మీలో ఇద్దరు చేస్తా ఉండారు, తిట్టే హక్కు మీకు ఉండాది, కాదనను. కానీ ఒక్కటి అడుగుతాండా. మూడుసార్లు చెప్పిన మనిషిని, మీ పేరు కాపాడేదానికి నోరు మూసుకున్న మనిషిని, మీ ఫోన్‌లో ఆమె మెసేజ్ చూసి కూడా పక్కన పెట్టి, మిగిలిన ఏడు పిన్‌లూ లాగేసి, మేమైతే భోజనానికి పోయుంటాం అని నా మొహం చూసి చెప్పేవాళ్లు మీలో ఎవరుండారు?