గొర్రెలు దాటినాక

మొన్న తిరుమణి రోడ్డులో మా చిన్నమ్మాయి కోపంగా కారు దిగి, నన్ను వదిలేసి నడుచుకుంటూ వెళ్ళిపోయినప్పటి నుంచీ నాకు నిడుగల్లు బస్సు రోజులే గుర్తొస్తున్నాయి.

ఆ పూట సోలార్ ఆఫీసులో దానికి ఇంటర్వ్యూ. వేరుశనగ వేసుకునే చేను ఆ సోలార్ కంపెనీకే లీజుకిచ్చేశాక, వాళ్ళు వేసిన కంచె లోపల మా ఇంటికి మిగిలిన ఆశ ఆ ఉద్యోగమే. వల్లూరు దాటగానే గొర్రెల మంద అడ్డం వచ్చింది. నేను ఎడమపక్కనే ఆపి ఇంజను ఆర్పేశాను. వెనకనున్న బైకులు, జీపులు, నీళ్ళ ట్యాంకరు నన్ను దాటుకొని కుడిపక్కంతా నింపేశాయి. మందకు అవతల ఆగినవాళ్ళూ అదే పని చేశారు. అందరూ పోతాండారు గదా నాయినా, నువ్వూ కుడిపక్కకి తిప్పు అని అమ్మాయి బతిమాలింది. నేను తిప్పలేదు. కాసేపటికి గొర్రెలు దాటిపోయాయి గానీ, రెండువైపుల బండ్లూ ఎదురెదురుగా ఇరుక్కుని ఎవరూ కదల్లేకపోయారు.

మా బావ బస్సు డ్రైవరుగా, నేను కండక్టరుగా నిడుగల్లు నుంచి పావగడకు తిరిగిన రోజుల్లో, మంద కనిపిస్తే చాలు ఆయన హారను జోలికి పోకుండా ఇంజను ఆపేసేవాడు, ఎందుకంటే చప్పుడుకు బెదిరిన గొర్రెలు చెదిరితే మళ్ళీ కూడేసరికి పొద్దు పోతుంది. నేను దిగి, వెనకొచ్చే బండ్లను బస్సు వెనకే నిలబెట్టేవాణ్ణి. ఒకసారి పెళ్ళివాళ్ళ జీపు ఆగకుండా కుడిపక్కకు దూరబోతే ఎదురుగా నిలబడ్డాను. డ్రైవరు నానా మాటలూ అన్నాడు. మా బావ కిటికీలోంచి తల బయట పెట్టి జీపతనితో, ఆ సగం మనది కాదప్పా, ఎదురొచ్చేవాళ్ళది, ఈడనే ఉండు అన్నాడు. మంద కదిలాక చూస్తే అవతల నుంచి ఎద్దులబండి ఒకటి, పురిటి నొప్పులు పడుతున్న మనిషిని పడుకోబెట్టుకొని వస్తోంది. ఖాళీగా ఉన్న ఆ సగంలోంచి అది ఆగకుండా వెళ్ళిపోయింది.

అమ్మాయి నడిచి చేరేసరికి ఇంటర్వ్యూలు ముగిశాయి. నీ ఒక్కనితో ఏం మారుతుంది నాయినా అని అడిగింది, తరవాత మాటలు మానేసింది. దాని బాధ చూస్తే నాకు గుండె తరుక్కుపోతోంది. నేనూ కుడికి తిప్పి ఉంటే ఆ ఇరుకులో ఇంకో కారు చేరేదే తప్ప అమ్మాయి వేళకు చేరేది కాదని చెప్పినా వినిపించుకోదు. పోనీ, చేరేదే అనుకుందాం. అయినా తిప్పను.

ఆ రోజుల్లో నేను చెయ్యెత్తితే నా వెనక బండ్లన్నీ వరుసగా ఆగేవి. ఇప్పుడు ఆ వరుసలో నేనొక్కణ్ణే మిగిలాను, ఉంటాను కూడా.