రోజా ఉన్న రోజు

మొన్న ఫ్రెంచి నేర్చుకుంటున్న మా మనవరాలు పుస్తకం పట్టుకొచ్చి నా మంచం మీద కూర్చుంది. ఫ్రెంచి వాళ్లకు గులాబి పువ్వుకూ ఆ రంగుకూ కలిపి 'రోజ్' అని ఒక్క మాటేనట. జర్మనీ వాళ్లు పువ్వును 'రోజె' అని, రంగును 'రోజా' అని కాస్త విడదీస్తారట. ఇంగ్లీషు వాళ్లది మరీ విడ్డూరం, ఆ రంగుకు పింకు అని ఇంకేదో పువ్వు పేరు పెట్టుకున్నారట. అన్ని దేశాలు తిరగడం ఎందుకే, సూర్యాపేట నుంచి కోదాడ పోతే చాలదా అన్నాను. దానికి అర్థం కాలేదు. అర్థం కావాలంటే నా పెళ్లిచూపుల సంగతి చెప్పాలి.

నిజాం పాలన ముగిసిన మరుసటేడు, నాకు పదహారేళ్లు. నాన్న సూర్యాపేటలో ధాన్యం వ్యాపారి. చదివిందంతా ఉర్దూ బడిలోనే, తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. నేను ఏడో తరగతి దాకా చదివానని వినగానే మిర్యాలగూడ సంబంధం వాళ్లు వెనక్కి తగ్గారు. కృష్ణా జిల్లా సరిహద్దున ఉన్న కోదాడ వాళ్లు మాత్రం పెళ్లయ్యాక కూడా చదివిస్తామన్నారు. ఇది తప్పిపోతే నా పుస్తకాలు అటకెక్కినట్టేనని నాకు తెలుసు. వస్తున్నామని వాళ్లు రాసిన ఉత్తరం చివర, 'ఆనాడు అమ్మాయికి రోజా తప్పక ఉండాలి, మా ఇంటి ఆనవాయితీ' అని ఉంది. మాకు గులాబి తెలుసు, గులాబి రంగు తెలుసు. రోజా అంటే మాత్రం మా పక్కింటి వాళ్లు రంజాన్ నెలలో ఉండే ఉపవాసమే. "ఉపాసం అనొచ్చు గద, కోదాడోళ్లు మనకంటె ఎక్కువ ఉర్దూ నేర్సిన్రు" అని నాన్న ఆశ్చర్యపోయాడు. "ఏ మాటైతేంది, పిల్ల ఉంటది" అని నానమ్మ తేల్చేసింది.

ఉన్నాను. అసలే ఎండాకాలం, మంచినీళ్లు కూడా ముట్టలేదు. వంటింట్లో అమ్మ గారెలు వేస్తుంటే ఆ వాసనకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. సాయంత్రం వాళ్లు వచ్చారు. పెళ్లికొడుకు తల్లి నా జడ అటూ ఇటూ తిప్పి చూసి, "రోజా ఏదమ్మా?" అని అడిగింది.

"పొద్దుగాల సంది ఉన్ననమ్మా, నీళ్లు సుత తాగలే" అన్నాను.

"అయ్యో, నేనడిగింది రోజా పువ్వమ్మా, జడలోకి!" అందామె. మగవాళ్లంతా ఘొల్లున నవ్వారు. నాన్న తల దించుకున్నాడు. సంబంధం పోయిందనుకున్నాను, చదువూ పోయిందనుకున్నాను. ఆమె మాత్రం నవ్వలేదు. ఎండిపోయిన నా పెదవులు చూసి, తన పళ్లెంలోని గారె తుంచి అంతమంది ఎదుట నా నోట్లో పెట్టింది. "పిల్లను ముందు తిననివ్వండి. మాటలు తర్వాత" అంది మగవాళ్లతో.

అన్నమాట ప్రకారం పెళ్లయ్యాక నన్ను బడికి పంపింది కూడా ఆమే. ఆమె పోయిన వయసును నేనెప్పుడో దాటేశాను, లెక్కకు ఇప్పుడు ఆమెకంటె నేనే పెద్దదాన్ని. ఇన్నేళ్ల కాలం నన్ను ముసలిదాన్ని చేసింది గాని, ఆమె ముందు మాత్రం ఒక్కరోజు కూడా పెద్దదాన్ని చేయలేకపోయింది.